చిన్న కెమెరాతో సర్దుకోవాలా, మార్చాలా? ఏ లోటుకు ఏ విరుగుడు

లేపాక్షి వీరభద్రాలయంలో పైకప్పు మీద విజయనగర కాలం నాటి చిత్రాలున్నాయి. 16వ శతాబ్దపు రంగులు, ఆ కాలపు చీరలు, తలపాగాలు, నగలు అన్నీ అక్కడ కనిపిస్తాయి. బయటి ఎండలోంచి మండపంలోకి వచ్చినవాళ్లకు కాసేపటి వరకు ఏదీ సరిగా ఆనదు. మొదటిసారి వెళ్లినప్పుడు తల పైకెత్తి, చేతులు చాచి, చిన్న కెమెరాతో ఇరవై ఫొటోలు తీశాను. ఒక్కటీ నిలవలేదు, అన్నీ కదిలిపోయాయి. కెమెరా మార్చక తప్పదనుకుంటూ ఇంటికి వచ్చాను.

రెండోసారి కూడా అదే కెమెరాతో వెళ్లాను. ఈసారి దాన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. ఫ్లాష్ ఆపి, ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే చురుకును, అన్నిటికంటే తక్కువకు దించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, బటన్ నొక్కి పక్కకు జరిగాను. తెర నేల వైపు ఉంటుంది కాబట్టి ఏం పడుతుందో ముందుగా కనిపించదు. అంచనాతో తీసి, చూసుకుని, అంగుళం అటో ఇటో జరిపి మళ్లీ తీయాలి. నాలుగైదు ప్రయత్నాల తర్వాత వచ్చిన ఫొటోలో చీర అంచుల మీది గళ్లు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. కెమెరా అదే, చీకటీ అదే. మొదటిసారి లోటు నా చేతుల వణుకులో ఉంది.

అందుకే "నా కెమెరా సరిపోవడం లేదు, ఏది కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే, ముందు పాడైన ఫొటో చూపించమంటాను. చీకట్లో కదిలిపోయిందా? దూరాన ఉన్న పక్షి చుక్కలా మిగిలిందా? పరుగెత్తే పిల్లవాడు ఫొటోలోంచి దాటిపోయాడా? గోపురం పూర్తిగా పట్టలేదా? పెళ్లికూతురి వెనక ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు కూడా ఆమెతో సమానంగా స్పష్టంగా వచ్చాయా? ఈ ఐదూ వేర్వేరు ఇబ్బందులు. వీటిలో కొన్నింటికి అలవాటు మార్చుకుంటే చాలు. కొన్నింటికి వంద రూపాయల్లోపు దొరికే సామాను చాలు. కొన్నింటికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మిగిలినవాటికి మాత్రం వేరే కెమెరా తప్ప దారి లేదు. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

లోటు పుట్టే చోటు

జేబులో పట్టే మామూలు డిజిటల్ కెమెరాలో వెలుతురును అందుకునే సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే 28 చదరపు మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరు కంటే చిన్నది. దుకాణాల్లో దీన్నే 1/2.3 అంగుళాల సెన్సర్ అంటారు. ఖరీదైన జేబు కెమెరాల్లో వచ్చే ఒక అంగుళం సెన్సర్ విస్తీర్ణం 116 చదరపు మిల్లీమీటర్లు, అంటే నాలుగు రెట్లు. లెన్స్ మార్చుకోగలిగే మామూలు కెమెరాల్లోని ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 13 రెట్లు, 36 గుణించు 24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 30 రెట్లు పెద్దవి.

ఒకే వెలుతురులో, ఒకే ఎపర్చర్‌తో (లెన్స్‌లో కాంతి దూరే రంధ్రంతో) తీస్తే చిన్న సెన్సర్‌కు అందే మొత్తం కాంతి ఆ మేరకు తక్కువ. చీకట్లో ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు అక్కడి నుంచే వస్తాయి. వెనక దృశ్యం మసకబారకపోవడానికీ మూలం అదే. పన్నెండు మెగాపిక్సెళ్ల బదులు ఇరవై మెగాపిక్సెళ్ల కెమెరా కొన్నంత మాత్రాన ఈ రెండింటిలో ఏదీ మారదు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే అంకె మెగాపిక్సెళ్లది, మీరు అడగవలసినది సెన్సర్ కొలత.

చీకటి: నాలుగు దారులు

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చీకటి గురించే కాబట్టి దీని దగ్గర ఎక్కువ సేపు ఆగుదాం.

ఖర్చు లేని మొదటి పని జూమ్ వెనక్కి తగ్గించడం. నా దగ్గరున్న 2008 నాటి ఎనిమిది మెగాపిక్సెళ్ల కెమెరాలో జూమ్ వాడనప్పుడు లెన్స్ ఎఫ్ 2.6 వరకు తెరుచుకుంటుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. జూమ్ చివరి వరకు లాగితే ఎఫ్ 5.5 దాటి తెరుచుకోదు. లెక్క వేస్తే కాంతి నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోయినట్టు. పైగా జూమ్ పెరిగిన కొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. అంటే దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతుంది. చీకట్లో నాలుగు అడుగులు ముందుకు నడిస్తే, ఖర్చు లేకుండా నాలుగు రెట్లు వెలుతురు దొరుకుతుంది.

రెండో దారి కెమెరాను కదలకుండా ఆపడం. ట్రైపాడ్ ఒక్కటే మార్గం కాదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి, కాబట్టి గుళ్లకు వెళ్లేవాళ్లకు దాని మీద పెట్టే డబ్బు చాలాసార్లు వృథా. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఒక చిన్న గుడ్డ సంచి. అందులో ముప్పావు వంతు పెసలు పోసి కుట్టేశాను. గోడ మీద, స్తంభం పీఠం మీద, కారు కిటికీ అంచు మీద ఎక్కడ పెట్టినా కెమెరా అందులో కూరుకుని నిలుస్తుంది. దానికి తోడు రెండు సెకన్ల టైమర్ తప్పనిసరి, ఎందుకంటే బటన్ నొక్కే వేలి అదురు కూడా ఫొటోలో కనిపిస్తుంది.

ఆనించడానికి ఏమీ లేని చోటికి తాడు ఉంది. దాదాపు ప్రతి కెమెరా అడుగునా పావు అంగుళం మర ఉంటుంది. హార్డ్‌వేర్ దుకాణంలో అదే కొలత బోల్టు, పొట్టిది, తీసుకుని దానికి మీ ఎత్తు పొడవున్న గట్టి తాడు కట్టండి. బోల్టును కెమెరాకు బిగించి, తాడు రెండో కొసను కాలితో తొక్కిపట్టి, కెమెరాను పైకి లాగి పట్టుకోండి. తాడు బిగువు వల్ల పైకీ కిందికీ ఊగడం బాగా తగ్గుతుంది. చేతుల్లో పట్టుకుని తీయగలిగిన షట్టర్ (కాంతిని లోపలికి వదిలే తలుపు) వేగానికి సగం, ఒక్కోసారి పావు వంతు వేగంలో కూడా ఫొటో నిలుస్తుంది. బోల్టు పొడవుగా ఉంటే మాత్రం బలవంతంగా తిప్పకండి, కెమెరా అడుగు పగులుతుంది.

అయితే ఆనించడమన్నది కదలని వాటికే పనికొస్తుంది. బొమ్మలు, దీపాలు, గోపురాలు, రాత్రి వీధి, టపాసులు దీనికి లొంగుతాయి. టపాసులకైతే తక్కువ ఐఎస్ఓలో రెండు మూడు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే జేబు కెమెరా కూడా పెద్ద కెమెరాలకు దీటుగా పూలు పూయిస్తుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లకు, పిల్లలకు ఇది పనికిరాదు.

మూడో దారి ఫ్లాష్. దీన్ని పూర్తిగా వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను, ఎందుకంటే తలంబ్రాల వేళ దీనికి సాటి లేదు. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది కాబట్టి గాలిలో ఎగిరే బియ్యపు గింజలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. దీని అసలు లోపం దూరం. చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి పనిచేయదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. మండపం చివరి వరుసలో కూర్చుని ఫ్లాష్ వేస్తే ముందు వరుసవాళ్ల తలలు తెల్లబడతాయి, వధూవరులు చీకట్లోనే ఉండిపోతారు. దగ్గర నుంచి తీసేటప్పుడు ముఖం సున్నం కొట్టినట్టు రాకుండా ఫ్లాష్ ముందు పలుచని ట్రేసింగ్ కాగితం ముక్క అడ్డం పెట్టండి. వెలుగు మెత్తబడుతుంది, దూరం ఇంకా తగ్గుతుంది. చాలా కెమెరాల్లో "స్లో సింక్" అనే అమరిక కూడా ఉంటుంది. అది షట్టర్‌ను ఇంకొంచెం సేపు తెరిచి ఉంచి, వెనక ఉన్న దీపాల వెలుగును కూడా ఫొటోలోకి తెస్తుంది. పెళ్లి పందిట్లో నేను ఎప్పుడూ దాన్నే వాడతాను. చిత్రాల మీద, విగ్రహాల మీద మాత్రం ఫ్లాష్ వేయకండి. పాత రంగులకు హాని కావచ్చన్న భయం ఉంది, పైగా నునుపైన రాయి మీద వెలుగు ముద్దలా పడి శిల్పంలోని లోతు పోతుంది.

నాలుగో దారి ఫోన్. ఇది చెప్పడం కెమెరా ప్రేమికుడికి కొంచెం కష్టమే అయినా, నిజం నిజమే. మంచి ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ ఇప్పుడు మామూలు జేబు కెమెరా సెన్సర్ కంటే పెద్దది, లెన్స్ కూడా ఎక్కువ తెరుచుకుంటుంది. అంతకు మించి, ఫోన్ ఒక్క ఫొటో తీయదు. వరసగా చాలా ఫొటోలు తీసి, కలిపి, మచ్చలు తగ్గించి ఒకటిగా చూపిస్తుంది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో వచ్చిన నైట్ సైట్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది, తర్వాత అందరూ అదే దారి పట్టారు. చీకట్లో, జూమ్ అవసరం లేకుండా, చేతిలో పట్టుకుని తీయాలంటే మంచి ఫోన్ ముందు పాత జేబు కెమెరా నిలవదు.

ఫోన్ చేసే ఆ పనిని మీ కెమెరాతో కూడా చేయవచ్చు, కాస్త ఓపిక కావాలి అంతే. కదలని దృశ్యాన్ని ఒకే అమరికతో వరసగా నాలుగు ఫొటోలు తీయండి. కంప్యూటర్‌లో గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాలుగింటినీ పొరలుగా ఒకదానిపై ఒకటి పెట్టి, అడుగు పొరను 100 శాతం, దానిపై పొరలను వరసగా 50, 33, 25 శాతం కనిపించేలా అమర్చండి. నాలుగింటి సగటు వస్తుంది, మచ్చలు సగానికి తగ్గుతాయి. పదహారు తీసి కలిపితే పావు వంతుకు తగ్గుతాయి. చేతిలో పట్టుకుని తీసినవైతే ముందు హ్యూజిన్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి.

వీటిలో ఏది ఎంచుకోవాలంటే నా వరస ఇది: విషయం కదలకపోతే పెసల సంచి, మనుషులు మూడు మీటర్లలోపు ఉంటే స్లో సింక్ ఫ్లాష్, అంతకు మించి దూరంలో ఉండి మెల్లగా కదులుతుంటే ఫోన్. దూరంగా ఉండి వేగంగా కదిలేవాళ్లకు, అంటే రాత్రి వేదిక మీద కూచిపూడి నాట్యం లాంటివాటికి, ఈ నాలుగూ చాలవు. మీరు తరచూ తీసేవి అవే అయితే వ్యాసం చివరి భాగం మీకోసమే.

గోపురం పట్టనప్పుడు

పాత జేబు కెమెరాలు చాలావాటిలో లెన్స్ 35 మిల్లీమీటర్ల చూపుతో మొదలవుతుంది. ఈ అంకె తగ్గితే చూపు వెడల్పవుతుంది, పెరిగితే దూరానిది దగ్గరగా వస్తుంది. ఇరుకు వీధిలో నిలబడితే గోపురం సగమే వస్తుంది. ఫోన్లలోని అల్ట్రావైడ్ లెన్స్ దీన్ని చిటికెలో తీర్చేస్తుంది. కానీ అంచుల్లో ఉన్నవి సాగిపోతాయి, శిల్పాల వివరం పోతుంది.

రెండో మార్గం అతుకు వేయడం. కెమెరాను నిలువుగా పట్టుకుని, కింది నుంచి పైకి, పక్క నుంచి పక్కకు, ప్రతి ఫొటోలో మూడో వంతు ముందుదాంతో కలిసేలా తీసుకుంటూ పోవాలి. కెమెరాలో మాన్యువల్ అమరిక ఉంటే వెలుతురును ఒకచోట స్థిరపరచండి, లేకపోతే ఒక ముక్క తెల్లగా, ఇంకొక ముక్క నల్లగా వచ్చి అతుకులు కనిపిస్తాయి. తిరిగేటప్పుడు చేయి చాచి ఊపకుండా, కెమెరాను ఒకే బిందువు దగ్గర ఉంచి, మీరు దాని చుట్టూ తిరగాలి. హ్యూజిన్ వీటన్నిటినీ కలిపి ఒకే ఫొటో చేస్తుంది. తొమ్మిది ముక్కలతో కుట్టిన గోపురం ఫొటోను పెద్దగా అచ్చు వేయించి గోడకు తగిలిస్తే, అది జేబు కెమెరాతో తీసిందంటే ఎవరూ నమ్మరు.

జ్ఞాపకం కోసమైతే ఫోన్ చాలు. గోడ మీదికైతే అతుకు వేయండి. జనం కదులుతుంటే మాత్రం అతుకు కుదరదు, ఒకే మనిషి రెండు చోట్ల సగం సగం కనిపిస్తాడు. తెల్లవారే వేళ వెళ్లడం మంచిది.

ఆకాశం తెల్లబోయి గోపురం నల్లబడే ఇబ్బంది కూడా ఇక్కడే ఎదురవుతుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుతురును, మైనస్ మూడింట రెండు వంతులకు దించి తీసి, తర్వాత కంప్యూటర్‌లో నీడలను పైకి తేవడం నా అలవాటు. నీడల్లో కొంచెం మచ్చ వస్తుంది కానీ, పూర్తిగా తెల్లబడిన చోట తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. బంతిపూలు, తంగేడు పూలు, ఎర్ర పట్టుచీరలు తీసేటప్పుడు కూడా ఇదే సూత్రం. ఆ గాఢమైన రంగులు చిన్న సెన్సర్ మీద ముద్దగా మారిపోతాయి, వెలుతురు తగ్గిస్తేనే రేకుకూ రేకుకూ తేడా నిలుస్తుంది.

దూరం: ఇక్కడ చిట్కాలు పనిచేయవు

గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో కొంగలు, గూడబాతులు ఊరి మధ్య చెరువులోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. గట్టు మీద నిలబడి నాలుగు రెట్ల జూమ్‌తో కూడా చెప్పుకోదగ్గ ఫొటోలు తీయవచ్చు. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులోనూ, పులికాట్‌లో రాజహంసల దగ్గరా అది కుదరదు. నీటికి అవతల ఉన్న పక్షి, నాలుగు రెట్ల జూమ్‌తో తెల్ల చుక్కగానే మిగులుతుంది.

డిజిటల్ జూమ్ మీద ఆశ పెట్టుకోవద్దు. అది ఫొటో మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేసి చూపడమే, ఇంటికి వచ్చాక మీరే చేసుకోగల పని. అమరికల్లోకి వెళ్లి దాన్ని శాశ్వతంగా ఆపేయండి.

మంచి బైనాక్యులర్ ఇంట్లో ఉంటే ఒక ప్రయోగం చేయవచ్చు. ఎనిమిది రెట్లు చూపే బైనాక్యులర్ కన్ను పెట్టే చోట జేబు కెమెరా లెన్స్ ఆనిస్తే, 35 మిల్లీమీటర్ల చూపు 280 మిల్లీమీటర్లవుతుంది. చిన్న లెన్స్ కావడం ఇక్కడ వరం, పెద్ద కెమెరాల లెన్సులు ఆ చిన్న రంధ్రానికి సరిపోవు. చుట్టూ నల్లని వలయం వస్తే కొద్దిగా జూమ్ చేస్తే పోతుంది. టెలిస్కోప్‌తో చందమామను ఇలా తీస్తే గుంటలు కూడా కనిపిస్తాయి. చెట్టు మీద కదలకుండా కూర్చున్న పక్షికి ఇది ఫరవాలేదు. ఎగిరే పక్షికి మాత్రం బైనాక్యులర్‌నూ కెమెరానూ కలిపి తిప్పలేరు.

అందువల్ల పక్షులే మీ ఇష్టమైతే సర్దుబాట్లు వదిలేసి సూపర్ జూమ్ కొనమంటాను. కానన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్ 740 లాంటిది జేబులోనే పడుతుంది, 24 నుంచి 960 మిల్లీమీటర్ల వరకు, అంటే 40 రెట్ల జూమ్ ఇస్తుంది. నికాన్ పీ900 ఇంకా ముందుకు, 2000 మిల్లీమీటర్ల దాకా పోతుంది, కానీ అది జేబులో పట్టదు. ఒక్క సంగతి తెలిసి కొనండి: వీటిలో సెన్సర్ అదే 28 చదరపు మిల్లీమీటర్లది. ఎస్‌ఎక్స్ 740 జూమ్ చివర ఎఫ్ 6.9కు పడిపోతుంది. ఎండలో అద్భుతంగా తీసే ఈ కెమెరాలు సాయంత్రం ఐదున్నర తర్వాత తడబడతాయి. మధ్యాహ్నం తీద్దామంటే నీటి మీది వేడిగాలి తెరలు తెరలుగా లేచి దూరపు పక్షులు వణుకుతూ వస్తాయి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది వీటికి సరైన వేళ.

వేగం, వెనక మసక

బటన్ నొక్కాక ఫొటో పడడానికి పట్టే ఆలస్యంలో పెద్ద భాగం ఫోకస్ వెతుక్కోవడానికి పోతుంది. బటన్‌ను సగం వరకు నొక్కి పట్టుకుంటే ఆ పని ముందే అయిపోతుంది. పిల్లవాడు రాబోయే చోటును ముందే ఊహించి, అంత దూరంలో ఉన్న నేలకు సగం నొక్కి ఉంచి, వాడు అక్కడికి రాగానే పూర్తిగా నొక్కండి. ఇది ఒక్కటి అలవాటైతే పాత కెమెరాకు కొత్త ప్రాణం వచ్చినట్టుంటుంది. అయినా ఇంట్లో పిల్లల ఆటలకు ఫోనే చురుకైనది.

వెనక మసక కావాలంటే జూమ్ చివరి వరకు లాగి, మనిషికి వీలైనంత దగ్గరగా వెళ్లి, ఆ మనిషిని గోడకు ఏడెనిమిది మీటర్లు ముందుకు నిలబెట్టండి. ముఖం వరకే తీస్తే కొంత మెత్తదనం వస్తుంది, నిలువెత్తు ఫొటోలో రాదు. ఫోన్లలోని పోర్ట్రెయిట్ అమరిక ఈ మసకను కల్పించి పూస్తుంది, జడ అంచుల దగ్గర, జూకాల చుట్టూ దొరికిపోతుంది. ఈ మసకే మీకు ప్రధానమైతే చిన్న సెన్సర్‌తో పోరాడకండి. పాత ఏపీఎస్-సీ కెమెరా, 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ చాలు.

పూలను, పురుగులను దగ్గరగా తీయడంలో మాత్రం జేబు కెమెరాదే పైచేయి. చాలావాటిలో మాక్రో అమరిక ఐదు సెంటీమీటర్ల దూరం నుంచి, కొన్నింటిలో ఒక సెంటీమీటర్ నుంచి కూడా ఫోకస్ చేస్తుంది. పెద్ద కెమెరాకు అలాంటి లెన్స్ విడిగా కొనాలి.

ఎపర్చర్ మార్చుకునే వీలున్న చిన్న కెమెరాలో, పెద్ద కెమెరా వాడినవాళ్ల అలవాటుతో ఎఫ్ 8 పెట్టకండి. ఇంత చిన్న సెన్సర్ మీద, అంత సన్నని రంధ్రంలోంచి వచ్చే కాంతి చెదిరి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్ 4 దగ్గర ఆగడం మేలు.

దాగి ఉన్న శక్తులు: సీహెచ్‌డీకే

పాత కానన్ పవర్‌షాట్, ఇక్సస్ కెమెరాలు ఉన్నవాళ్లకు మరో మార్గం ఉంది. ఔత్సాహికులు రాసిన సీహెచ్‌డీకే అనే ఉచిత ప్రోగ్రామును మెమరీ కార్డులో వేస్తే, కెమెరా తయారీదారు ఇవ్వని సౌకర్యాలు తెరుచుకుంటాయి. మామూలు జేపెగ్ ఫొటోతో పాటు, సెన్సర్ అందుకున్నదాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైలు వస్తుంది. తెర మీద వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్, తెల్లబోయిన చోట్లను చూపే గీతలు కనిపిస్తాయి. నిర్ణీత వ్యవధిలో వాటంతటవే ఫొటోలు తీయించవచ్చు. కదలికను గమనించి షట్టర్ నొక్కే స్క్రిప్టులతో మెరుపులను పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇది కెమెరా అసలు ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని నడిపించే లోపలి ప్రోగ్రామును, చెరపదు. ఆ కార్డు తీసేస్తే కెమెరా ఎప్పటిలా పనిచేస్తుంది.

మోడల్‌కూ, అందులోని ఫర్మ్‌వేర్ సంచికకూ సరిపోయే ఫైలునే వాడాలి. దీనికి ఎవరి పూచీ ఉండదు. ఎనిమిది మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో రా ఫైలు సుమారు 10 మెగాబైట్లు ఉంటుంది, కార్డులోకి ఎక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది. చీకట్లో మచ్చలు మాయమవుతాయని ఆశించి దీన్ని వేసుకుంటే నిరాశే మిగులుతుంది, సెన్సర్ మారదు కదా. నీడల్లో, రంగుల్లో సరిదిద్దుకునే వెసులుబాటు మాత్రం నిజంగానే పెరుగుతుంది. ఓపిక, కంప్యూటర్ అలవాటు ఉన్నవాళ్లకు ఇది గట్టిగా సిఫారసు చేస్తాను. పండుగకు నాలుగు ఫొటోలు తీసుకునేవాళ్లకు అక్కర్లేదు.

కొనక తప్పదనుకున్నప్పుడు

మీ లోటు చీకటి, కదిలే మనుషులు అయితే ఎంపిక రెండింటి మధ్య ఉంటుంది: ఒక అంగుళం సెన్సర్ ఉన్న జేబు కెమెరా, లేదా ఏపీఎస్-సీ సెన్సర్, మార్చుకునే లెన్స్ ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్. ఇక్కడ చాలామంది పొరబడతారు. సెన్సర్ పెద్దది కాబట్టి డీఎస్‌ఎల్‌ఆరే మెరుగని తేల్చేస్తారు. లెన్స్‌ను కూడా లెక్కలోకి తీసుకోండి. 2012లో వచ్చిన మొదటి సోనీ ఆర్‌ఎక్స్ 100 లెన్స్ జూమ్ లేనప్పుడు ఎఫ్ 1.8. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఇచ్చే 18-55 లెన్స్ అదే చోట ఎఫ్ 3.5. సెన్సర్ విస్తీర్ణాన్నీ, లెన్స్ తెరుచుకునే తీరునూ కలిపి లెక్కిస్తే, నా పాత కెమెరా కంటే ఆర్‌ఎక్స్ 100 ఎనిమిది రెట్లకు పైగా, డీఎస్‌ఎల్‌ఆర్ ఏడు రెట్లు ఎక్కువ కాంతిని అందుకుంటాయి. అంటే రెండూ దాదాపు సమానం, అందులో ఒకటి చొక్కా జేబులో పడుతుంది.

జూమ్ చేయగానే కథ మారుతుంది. ఆర్‌ఎక్స్ 100 జూమ్ చివర ఎఫ్ 4.9కు దిగుతుంది, అక్కడ డీఎస్‌ఎల్‌ఆర్ రెండు రెట్లకు పైగా ముందుంటుంది. ఆ శ్రేణిలో మూడో కెమెరా 70 మిల్లీమీటర్ల దగ్గర కూడా ఎఫ్ 2.8 నిలుపుకుంటుంది, అందుకే ఇంటి వేడుకలకు దాన్నే ముందు చెబుతాను. వేదిక మీది నాట్యం కోసమైతే డీఎస్‌ఎల్‌ఆర్ కొనండి. అయితే 18-55 లెన్స్‌తో ఆగిపోకుండా 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కూడా తీసుకుంటేనే ఆ డబ్బుకు అర్థం ఉంటుంది. దాన్ని మెడలో వేసుకుని రోజంతా తిరగగలరా అన్నది కూడా నిజాయితీగా ఆలోచించుకోండి. ఇంట్లో బీరువాలో ఉండే కెమెరా కంటే జేబులో ఉండే కెమెరా ఎక్కువ ఫొటోలు తీస్తుంది.

ఈమధ్య 2000ల నాటి చిన్న కెమెరాల మీద యువతలో మోజు పెరిగి, ఒకప్పుడు ఎవరూ పట్టించుకోనివాటికి కూడా ధర పలుకుతోంది. ఆ రంగులు నచ్చి కొంటే సంతోషమే. చీకట్లో బాగా తీస్తుందని మాత్రం కొనకండి. పాతది కొనేటప్పుడు మొదట కార్డు సంగతి చూడండి. పాత ఒలింపస్, ఫూజీ కెమెరాలు చాలావరకు ఎక్స్‌డీ కార్డు, పాత సోనీలు మెమరీ స్టిక్ అడుగుతాయి. అవి ఇప్పుడు వెతికి కొనాల్సినవి. 2006కు ముందరి ఎస్‌డీ కెమెరాలు చాలావరకు రెండు గిగాబైట్లకు మించిన కార్డును గుర్తించవు. ఆ తర్వాతి వాటికి 32 గిగాబైట్ల వరకు ఉన్న ఎస్‌డీహెచ్‌సీ కార్డు చాలు, 64 గిగాబైట్ల కార్డు కొని తెస్తే పాత కెమెరా దాన్ని చదవలేకపోవచ్చు.

బ్యాటరీ విషయంలో నేను పెన్సిల్ సెల్స్‌తో నడిచే కెమెరాల పక్షం. కానన్ ఏ590 ఐఎస్ అలాంటిదే: 2008 నాటిది, రెండు పెన్సిల్ సెల్స్, మాన్యువల్ అమరికలు, కంటికి ఆనించి చూసే కిటికీ, పైగా సీహెచ్‌డీకే కూడా పనిచేస్తుంది. ప్రత్యేకమైన బ్యాటరీ ఉన్న కెమెరాకు ఆ బ్యాటరీ తయారీ ఆగిపోతే కెమెరా కూడా ఆగిపోతుంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ మాత్రం వేయకండి, కెమెరా లాగే కరెంటుకు త్వరగా డీలా పడతాయి. మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు, ఒక చార్జర్ కొనుక్కుంటే ఏళ్లు గడుస్తాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ కార్డు, మీ సెల్స్ పట్టుకెళ్లండి. జూమ్‌ను పదిసార్లు ముందుకూ వెనక్కూ నడిపించి, లెన్స్ ఎక్కడైనా ఆగుతుందేమో, గరగరమంటుందేమో వినండి. తెల్ల గోడను జూమ్ చివరి వరకు లాగి ఒక ఫొటో తీయండి, లోపల దుమ్ము చేరి ఉంటే మచ్చలుగా కనిపిస్తుంది. లెన్స్‌ను అరచేత్తో పూర్తిగా మూసి, ఫ్లాష్ ఆపి, ఒక సెకను పాటు ఇంకొకటి తీయండి. తెర నల్లగా ఉండాలి. అక్కడక్కడా ఎర్రని, నీలిరంగు చుక్కలు ఒకటి రెండుంటే ఫరవాలేదు, చల్లినట్టు ఉంటే ఆ సెన్సర్ అలసిపోయింది. చివరగా దుకాణంలో వెలుతురు తక్కువున్న మూల చూసి, కెమెరాను బల్ల మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో ఒక ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. ఒక మూల మిగతా మూడింటి కంటే బాగా మసకగా ఉంటే లెన్స్ ఎప్పుడో కిందపడి పక్కకు ఒరిగి ఉంటుంది. అది ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.